హాలీ సిక్కా, పద్దెనిమిది పెన్సులు

సిద్దిపేట చేరువనున్న ఇబ్రహీంపూర్ 2016లో నగదురహిత గ్రామమని పేరొందినది. కాని నూఱేండ్ల క్రిందట ఆ సీమలో చెల్లిన నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా, ఏడు హాలీ రూపాయలకు ఇంచుమించు ఆఱు బ్రిటిషు రూపాయల చొప్పున, ఆంగ్లేయుల నాణెమును అంటిపెట్టుకొని యుండెడిది. మొదటి ప్రపంచయుద్ధమున వెండి ధర మిన్నంటగా హైదరాబాదు 1918లో కాగితపు నోట్లను వెలువరించెను.

యుద్ధానంతరము, 1925లో, బ్రిటను ఆర్థికమంత్రి చర్చిలు పౌనును యుద్ధపూర్వపు విలువకే బంగారముతో ముడివేయగా, అది ఎగుమతులను, గనికార్మికుల కూలిని కుంగదీయునని ఆర్థికవేత్త కీన్సు ఘాటుగా విమర్శించెను. ఆ వివాదమే బ్రిటిషు రూపాయికిని సోకినది. అంతకుముందే 1920లో దానిని రెండు షిల్లింగులకడ నిలుపజూచి ప్రభుత్వము భంగపడినది. పిమ్మట ద్రవ్య విచారణకై ఏర్పడిన హిల్టన్ యంగ్ సంఘము రూపాయికి పద్దెనిమిది పెన్సులను సూచింపగా, పదాఱే తగునని సంఘ సభ్యుడు పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ అసమ్మతి పత్రము వ్రాసెను. అయినను 1927 శాసనము పద్దెనిమిదినే స్థిరపఱచెను.

రూపాయి బలిసినకొలది పత్తికి, ఆముదపు గింజలకు విదేశములనుండి వచ్చు రూపాయలు తగ్గును. శిస్తు మాత్రము తనంత తాను తగ్గదు. కావున ఠాకూర్‌దాస్ పక్షమే నాకు న్యాయముగా తోచుచున్నది. ఇక నిజాము రాజ్యపు రైతన్నయో, ఢిల్లీ శాసనసభలో ప్రతినిధియైనను లేకయే, హాలీ రూపాయి ముడివడియున్న కారణమున ఆ నిర్ణయమునకు బద్ధుడయ్యెను.