ఆఫీసు నెట్‌లో అడ్డుగోడలు: దాటే ముందు తెలుసుకోవాల్సినవి

చేవెళ్ల, మొయినాబాద్‌ల నుంచి గచ్చిబౌలి కంపెనీలకు వెళ్లొచ్చే దళిత యువత ఉన్నారు. ఇంటికి తొలి జీతం తెచ్చిన ఉద్యోగం ఒక వీపీఎన్ వల్ల పోకూడదు.

ఎలా పనిచేస్తుంది: ఫైర్‌వాల్ సైటు పేరును బట్టి ఆపుతుంది. వీపీఎన్ ఆ పేరును దాస్తుంది కానీ, వీపీఎన్ వాడుతున్న సంగతి దాగదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ ఉంటే తెర మీదిదంతా యాజమాన్యానికి కనబడవచ్చు.

చట్టం: మన దేశంలో వీపీఎన్ వాడటమే నేరం కాదు. కంపెనీ నిబంధన మీరితే మాత్రం ఉద్యోగం పోవచ్చు. అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి చొరబడితే ఐటీ చట్టం (2000) 43వ సెక్షన్ కింద పరిహారం కట్టాలి. మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ. వీపీఎన్ సంస్థలు వినియోగదారుల వివరాలను 5 ఏళ్లు భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశించింది.

ఏం చేయాలి: సంఘం పనులకు సొంత ఫోన్, సొంత డేటా వాడాలి, ఆఫీసు వైఫై వద్దు. పనికి అవసరమైన సైటైతే ఐటీ విభాగాన్ని రాతపూర్వకంగా అడగాలి. కులవేధింపు జరిగితే తేదీ, సమయం, సాక్షుల పేర్లు ఇంట్లో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆఫీసు మెయిల్‌లోనే ఉంచిన ఆధారాలు ఉద్యోగంతోపాటే చేజారిపోతాయి. అత్యాచారాల నిరోధక జాతీయ హెల్ప్‌లైన్: 14566.