అనుకరణ యంత్రాలే ఆధారాలు: తెలుగు పట్టణాల వీడియో గేమ్ చరిత్ర

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1983 జూలై 15న ఫామికామ్ అనే వీడియో గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. 1990లలో తెలుగు పట్టణాల ఇళ్లకు చేరినవి ప్రధానంగా దాని అనుకరణలే. భారతదేశంలో ఇవి లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో అమ్ముడయ్యాయి.

ఈ వంశక్రమానికి సాక్ష్యం క్యాసెట్టులోనే ఉంది. ఫామికామ్ క్యాసెట్టుకు 60 పిన్నులు. 1985లో అమెరికాలో విడుదలైన రూపానికి 72. ఇక్కడ దొరికే క్యాసెట్టుకు 60 పిన్నులుంటే దాని మాతృక జపాన్ యంత్రమేనని గ్రహించవచ్చు. పెంకు విప్పితే తరచుగా నల్లని జిగురు బొట్టు కింద కప్పిన చిప్పు కనిపిస్తుంది. అది తయారీ ఖర్చు తగ్గించిన పద్ధతి.

అరచేతిలో ఇమిడే బ్రిక్ గేమ్‌కు మూలం 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన టెట్రిస్. పెట్టెపై 9999 ఆటలని ముద్రించినా, కొద్దిపాటి ఆటలనే వేగమూ స్థాయీ మార్చి అలా లెక్కించారు.

అసలు యంత్రానికే వెలకట్టే సేకర్తలు వీటిని నకిలీలని పక్కన పెడతారు. అయితే సూర్యాపేట, మిర్యాలగూడ వంటి పట్టణాల ఆటల చరిత్రకు ఆ నకిలీయే మూలాధారం. తయారీదారు పేరూ, సంవత్సరమూ లేని ఆ పెట్టె తుక్కులో కలిస్తే, దానితోపాటు అందులోని సాక్ష్యమూ పోతుంది.