పులికాట్ చెంత పుట్టిన ఫోనులు – వాని తాళములు



పులికాట్ సరస్సనగానే మనకు ఫ్లెమింగో పక్షులును, రొయ్యలును, పడవలును తలపునకు వచ్చును. చరిత్ర నెఱిగినవారికి డచ్చివారు కూడ స్ఫురింతురు. వారు 1613లో ఆ సరస్సు దక్షిణపు కొనను గెల్డ్రియా కోటను గట్టి, మన నేతగాండ్ర వస్త్రములను దూరద్వీపములకు పంపిరి. నేటి నా ప్రసంగ మా తీరమునకు చేరువనే పుట్టిన మఱియొక సరకును గూర్చినది.

సత్యవేడు, వరదయ్యపాళెము, తడ ప్రాంతములలో శ్రీసిటీ యను పారిశ్రామిక నగరము వెలసినది. అది యిప్పుడు తిరుపతి జిల్లాలో నున్నది. అచ్చటి ఫాక్స్‌కాన్ కర్మాగారమున కూర్పబడిన షావోమీ సంస్థవారి రెడ్‌మీ 2 ప్రైమ్ అను స్మార్ట్‌ఫోను 2015 ఆగష్టులో విశాఖపట్టణమున లోకమునకు చూపబడెను. మన నేలపై కూర్చిన ఫోను మన చేతికి వచ్చినది. కాని దానిని బాగుచేయు తాళపుచెవి మన చేతికి వచ్చినదా? ఇదియే ప్రశ్న.

ఫోనులోని చిప్పునందు మొట్టమొదట మేల్కొను చిన్న ఆజ్ఞావళి యొకటి కలదు. అది శిలాశాసనము వంటిది; చెక్కిన పిమ్మట మార్చుటకు వీలులేదు. తరువాత రావలసిన బూట్‌లోడరు అను ద్వారపాలకునకు తగిన ముద్ర యున్నదా యని యది పరీక్షించును. ఆ ముద్ర గుఱుతును తయారుచేయునప్పుడే చిప్పులో కాల్చి పెట్టుదురు. కాల్చినది మరల మాయదు. ముద్ర సరిపోనిచో ఫోను మేల్కొనదు.

ఇట్టి ఆపద కొఱకు క్వాల్‌కామ్ చిప్పులలో ఒక అత్యవసర మార్గ మేర్పఱచిరి. ఫోను మూతదీసి, పలకపై నున్న రెండు చిన్న బిందువులను కలిపినచో ఆ మార్గము తెఱచుకొనును. మరమ్మతు చేయువా డప్పుడు కంప్యూటరు ద్వారా సాఫ్ట్‌వేరును మరల నెక్కించును. అయితే 2016 మొదలుకొని షావోమీవారు కొత్త ఫోనుల బూట్‌లోడరునకు తాళము వేసిరి. తరువాత నా అత్యవసర మార్గమునకును తాము అనుమతించిన ఖాతా కావలెనని కట్టడి చేసిరి. దానితో వీథిచివర దుకాణదారుని నేర్పు చాలదయ్యెను. చేయి తిరిగినవాడైనను అనుమతి లేనివా డయ్యెను.

తాళము వట్టి దౌర్జన్యమని నేననను. దొంగిలించినవాడు ఫోనును తుడిచి అమ్ముకొనకుండుటకును, మోసగాడు మాయసాఫ్ట్‌వేరు నెక్కింపకుండుటకును అది తోడ్పడును. బ్యాంకు వ్యవహారములన్నియు ఫోనులోనే జరుగు నీ దినములలో నది చిన్న మేలు కాదు. ఐనను ఇంటికి తాళము మంచిదే. ఇంటి యజమానునికి చెవి యియ్యకుండుట మాత్రము న్యాయమా? కమతము చేయు రైతునకును, పడవనెక్కు జాలరికిని ఫోను చెడినచో దూరపు పట్టణమునకు పోవుట యనగా ఒకనాటి కూలి పోవుటయే.

ఈ చిక్కును ప్రభుత్వమును గుర్తించినది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘము నేర్పఱచి, సేద్యపు పనిముట్లతోపాటు మొబైలు ఫోనులను కూడ దాని పరిశీలనలో చేర్చినది. ట్రాక్టరునకు తగిన న్యాయము ఫోనునకును తగునని దీని భావము.

కావున పెద్దలారా, ఫోను కొనునప్పుడు వెల యొక్కటియే యడుగక, చెడినచో నెవరు బాగుచేయుదురో, ఎంత దూరము పోవలెనో కూడ నడుగుడు. రశీదును భద్రపఱచుడు. ఖాతా పేరును, రహస్యపదమును ఇంటివా రొక్కరికైన తెలియజేయుడు. అవి మఱచినచో ఆ తాళము సొంతదారునే వెలుపల నిలుపును. డచ్చివారి కాలమున మగ్గము నేతగానిదిగా నుండెను. మన చేతి యంత్రము మనదగునో కాదో తేల్చు కాలమిది.