డాబాగార్డెన్సులో నక్షత్రవేధశాల

విశాఖపట్టణమున డాబాగార్డెన్సు అనగానే బట్టల కొట్లును, బండ్ల రద్దీయును స్ఫురించు వారికి, పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమున ఆ తోటలో ఒక జమీందారు తన సొంత వ్యయముతో వేధశాల కట్టించి రాత్రులు ఆకాశమును పరికించెనని చెప్పిన, వెంటనే నమ్మబుద్ధి కాదు. బేగంపేటలోని నిజామియా వేధశాల సంగతి మన తెలుగువారికి కొంత తెలియును. దానికి ఆరు దశాబ్దములకు పూర్వమే, 1840 ప్రాంతమున, గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన ఈ శాల సంగతి మాత్రము చాలమంది చరిత్రకారుల లేఖినికి అందక జారిపోయినది.

1817లో పుట్టిన జగ్గారావు ఖగోళవిద్యను మద్రాసులో టేలర్ దొరవద్ద అభ్యసించెను. థామస్ గ్లాన్‌విల్ టేలర్ ఆ కాలమున కుంపిణీవారి మద్రాసు వేధశాలకు అధిపతి; 11,015 నక్షత్రముల స్థానములను గణించి ప్రకటించిన దీక్షాపరుడు. అటువంటి గురువువద్ద శిక్షణ పొందిన వానికి ఆకాశము ఒక వినోదముగా కాక ఒక లెక్కగా కనబడుట సహజమే. జగ్గారావు తెప్పించుకొనిన ప్రధాన పరికరము 4.8 అంగుళముల వ్యాసముగల కటకపు దూరదర్శిని. గొట్టము ముందుకొనను, గుణము వేరైన రెండు గాజుబిళ్ళలను జోడించిన వస్తుకటకము కాంతిని వంచి ఒకచోట కూర్చును. వెనుకకొననున్న నేత్రకటకము ఆ బింబమును పెద్దదిగా చూపును. ఒకే బిళ్ళ యైనచో నక్షత్రముచుట్టు రంగుల అంచులు కనబడును. 1758లో లండను కళ్ళజోళ్ళ వర్తకుడు డాలండ్ ఈ జంటకటకమునకు పేటెంటు పొందినపిదపనే, చిన్న గొట్టముతో స్పష్టమైన దృశ్యము చూడగల్గుట గృహస్థులకు సాధ్యమైనది.

అయితే కొనుట వేరు, నిలబెట్టుట వేరు. నేడు అంగడిలో చిన్న దుర్భిణి కొని మేడపై పెట్టుకొను విద్యార్థికి ఎదురగు చిక్కే ఆనాటి వానికిని ఎదురయ్యెడిది. భూమి తిరుగుచుండుటచే నక్షత్రము గంటకు పదునైదు డిగ్రీల చొప్పున జారుచుండును. దృష్టిని దానివెంట ఒకే చేతితిప్పుతో నడిపింపవలెనన్నచో, పీఠమునందలి ఇరుసు భూమి ఇరుసునకు సమాంతరముగా, అనగా ఉత్తరధ్రువమును చూచునట్లు వాలియుండవలెను. ఆ వాలు ఊరి అక్షాంశముతో సమానము. ఇంగ్లండులోని యార్కు పట్టణమున ధ్రువము దిగంతమునకు 54 డిగ్రీల ఎత్తున నుండగా, విశాఖలో అది 17 డిగ్రీల 40 నిమిషముల చేరువనే. కావున అక్కడి వాలుతోనే పీఠమును దింపిన ఏ లెక్కయు కుదరదు. పైగా ధ్రువనక్షత్రమునే గురిపెట్టిన చాలదు: 1840లో అది నిజమైన ధ్రువబిందువునకు ఒకటిన్నర డిగ్రీ దూరముననుండెను. అందుచే ఓపికగలవారు మధ్యాహ్నరేఖ (ఉత్తరదక్షిణములను నడినెత్తిమీదుగా కలుపు రేఖ) దగ్గరనున్న ఒక నక్షత్రమును పట్టి కొంతసేపు చూచెదరు. అది ఉత్తరమునకుగాని దక్షిణమునకుగాని మెల్లగా తొలగినచో ఇరుసు తూర్పుకో పడమటికో తప్పినదని తెలియును. పిదప తూర్పుననున్న నక్షత్రముతో వాలును సరిచూతురు. దృశ్యము తలక్రిందులుగా కనబడుటచే ఏ వైపు తిప్పవలెనో క్రొత్తవానికి తికమక పుట్టుట తప్పదు. ఈ తికమకను దాటనివాడు చంద్రునితోనే తృప్తిపడి, ఆరు నెలలకు గొట్టమును అటకెక్కించును.

జగ్గారావు పడిన ఈ శ్రమవలన మాత్రము ఊరికంతటికిని ఉపకారము కలిగెను. మధ్యాహ్నరేఖలో స్థిరపరచిన సంక్రమణయంత్రమున నక్షత్రము సన్నని తీగను దాటిన క్షణమును గుర్తించినచో గడియారమును దిద్దవచ్చును. ఆనాడు సముద్రముపై రేఖాంశమునకు గడియారమే ఆధారము గనుక ఓడలవారికి సరియైన కాలము ప్రాణప్రదము. డాల్ఫిన్స్ నోస్ కొండమీది ధ్వజస్తంభమునుండి వారికి కాలసంకేతము నందించిరి. విశాఖ కాలము మద్రాసు కాలముకంటె పండ్రెండు నిమిషములు ముందుండెడిది. మద్రాసు గడియారమును అరువు తెచ్చుకొనిన ఆ తేడా అటులే మిగిలెడిది.

1856లో జగ్గారావు గతించెను. ధనికుల అభిరుచులు సాధారణముగా వారితోనే కాటికి పోవుట మనదేశమున క్రొత్త గాదు. ఇక్కడ అట్లు కాలేదు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు శాలను నిలుపుటయే గాక పెంచెను. లండను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యత్వముకూడ ఆయనకు లభించెను. 1874లో యార్కు నగరపు కుక్ సంస్థవారి ఆరంగుళముల దూరదర్శిని విశాఖకు వచ్చెను. 4.8 అంగుళములకును ఆరింటికిని తేడా ఏమంతయని తోచవచ్చును. కాని కాంతిని పట్టునది వైశాల్యము గనుక, క్రొత్తది పాతదానికి ఒకటిన్నర రెట్లకు పైగా వెలుగును కూర్చును.

ఆ యేడు డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచెను. 1769 పిదప అదియే మొదటిసారి. విశాఖలో ప్రొద్దుపొడిచిన గంటకు మొదలై, మధ్యాహ్నమువరకు, నాలుగు గంటలకు పైగా, సూర్యునిలో ముప్పదవవంతు వెడల్పైన నల్లని చుక్క ప్రాకిపోయినది. సూర్యునిదూరమును గణించుటకు ప్రపంచమంతట వేర్వేరు స్థలములనుండి దాని స్పర్శకాలమును గుర్తించుటకై రాజ్యములు దండయాత్రలవలె బృందములను పంపినవి. నరసింగరావు తన తోటలోనుండియే చూచెను. అయితే శుక్రుడు సూర్యుని అంచును తాకు క్షణమున నల్లని బిందువొకటి అంటుకొనినట్లు సాగుటచే నిపుణులకుసైతము కాలము సెకనులలో తేలలేదు; ఇచటి పరికరములనుగాని, మనుష్యులనుగాని అందుకు తప్పుపట్టరాదు.

1892లో నరసింగరావు కన్నుమూసెను. పిదప తంతివార్తయే దూరపు వేధశాలనుండి కాలమును తెచ్చి యిచ్చుచుండగా, ప్రతి రేవుకును ఒక సొంత వేధశాల యుండవలసిన యావశ్యకత క్రమముగా తగ్గెను. 1906 జనవరి 1న దేశమంతటికిని ఒకే కాలము ఏర్పడినపుడు దానికి ఆధారమైన రేఖాంశము, 82 డిగ్రీల 30 నిమిషములు, కాకినాడకు సమీపముగా పోవుటచే, విశాఖ తన సొంత కాలమునుండి వెనుకకు జరుపుకొనవలసినది మూడు నిమిషములకు కొంచె మెక్కువ మాత్రమే.