పలుగు దెబ్బలు

ఈ వారం చరిత్ర కబుర్లలో ఒక వైన్ సీసా గురించి మాట్లాడుకుందాం. "ఆదివారం పొద్దున్నే రేడియోలో ఈ మందు గోలేమిటయ్యా" అని పెద్దలు కోప్పడకండి. నేను చెప్పబోయేది తాగడం గురించి కాదు, తవ్వడం గురించి.

ఊరి నుంచి మా మామగారొచ్చారు కదా అని ఆయన్ని నాపా లోయ చూపించడానికి తీసుకెళ్ళాను. అక్కడ కాలిస్టోగా దగ్గర కొండ మీద ష్రామ్స్‌బర్గ్ అని ఒక కుటుంబం నడిపే వైనరీ ఉంది. బ్రూట్ రకం, అంటే తీపి దాదాపు లేని, నురగలు కక్కే వైన్‌కి పేరున్న చోటు. మామగారు గ్లాసు ముట్టలేదు. వైన్ దాచే గుహలోకి వెళ్ళగానే గోడని చేత్తో తడిమి చూశారు.

"బాబూ, ఇవి పలుగు దెబ్బలు. మా ఊళ్ళో వడ్డెరవాళ్ళు బావి తవ్వితే ఇలాగే ఉండేది. ఇది తవ్విందెవరు?"

గైడుని అడిగి, "చైనా కూలీలటండీ" అని చెప్పాను.

"చైనా వాళ్ళు ఇంత దూరం ఎందుకొచ్చారు?"

ఊళ్ళో అందరికీ కంప్యూటర్ సలహాలు చెప్పే నా దగ్గర దానికి సరైన జవాబు లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

జేకబ్ ష్రామ్ అనే ఆయన 1842లో జర్మనీ నుంచి అమెరికా వచ్చాడు. క్షౌరం చేసి బతికాడు, డబ్బు కూడబెట్టి 1862లో ఈ కొండ మీద స్థలం కొన్నాడు. చైనా వాళ్ళు మొదట బంగారం వేటలో, తర్వాత రైలుమార్గం పనికి వేల సంఖ్యలో వచ్చారు. 1869లో రైలుమార్గం పూర్తయ్యాక చాలామంది తోటల్లో పనికి కుదిరారు. ష్రామ్ గుహలు తవ్వింది అలాంటివాళ్ళే. 1880లో రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ కొత్త పెళ్ళికొడుకుగా ఇక్కడికొచ్చి, వైన్ రుచి చూసి, తన పుస్తకంలో ష్రామ్ గురించి రాశాడు.

ఆ తర్వాత రెండేళ్ళకే, 1882లో, చైనా కూలీలు ఈ దేశంలోకి రాకూడదని చట్టం వచ్చింది. ఇక్కడున్నవాళ్ళకి పౌరసత్వమూ లేదన్నారు. పదేళ్ళకని పెట్టిన చట్టం 1943 దాకా సాగింది. రద్దు చేసినప్పుడైనా ఇచ్చిన కోటా ఎంతో తెలుసా? ఏడాదికి 105 మంది!

ష్రామ్ 1905లో పోయాడు. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం. తోట పాడుబడింది. 1965లో జాక్, జేమీ డేవీస్ దంపతులు దాన్ని కొని, ఫ్రాన్సులో షాంపేన్ చేసే పద్ధతిలోనే ఇక్కడా చేద్దామనుకున్నారు. తయారైన వైన్‌లో కొంచెం చక్కెర, ఈస్టు కలిపి సీసాలో బిగిస్తారు. లోపల మళ్ళీ పులుస్తుంది. పుట్టిన గ్యాసుకి బయటికి దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. సీసా లోపలి ఒత్తిడి కారు టైరులో గాలి కన్నా రెండింతలకు పైనే. ఇది నిదానంగా జరగాలంటే ఏడాది పొడవునా ఒకేలా ఉండే చల్లదనం కావాలి. దాన్నిచ్చింది ఆ పాత గుహలే.

ఇప్పుడు అసలు కథకొద్దాం. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్ళాడు. బీజింగ్ విందులో చౌ ఎన్‌లై‌తో స్నేహానికి గుర్తుగా గ్లాసులెత్తారు. ఆ గ్లాసుల్లో పోసింది 1969 నాటి ష్రామ్స్‌బర్గ్ వైన్. చైనా కూలీలు తవ్విన గుహ ఉన్న వైనరీ నుంచి, వాళ్ళ దేశం కూలీలని తొంభై ఏళ్ళ కిందట రావద్దన్న దేశం తరఫున, ఆ సీసా చైనాకే వెళ్ళింది. ఆ విందులో ఈ సంగతి ఎవరికైనా గుర్తొచ్చిందో లేదో!

మనకెందుకీ గొడవ అంటారా? భారతీయులు పౌరసత్వానికి తగరని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 1946లో తలుపు కాస్త తెరిచి మనకిచ్చిన కోటా ఏడాదికి వంద. జాతి చూసి కోటాలు పంచే పద్ధతిని ఎత్తేసిన చట్టం వచ్చింది 1965లో, డేవీస్ దంపతులు ఈ తోట కొన్న ఏడాదే. మీరూ నేనూ ఈ రోజు ఇక్కడ కూర్చుని తెలుగు రేడియో వింటున్నామంటే ఆ చట్టం వల్లే. మనం చదువుకుని వచ్చాం, మన ప్రతిభతో వచ్చాం అనుకుంటాం. ప్రతిభ నిజమే. కానీ పలుగు పట్టినవాళ్ళకీ పనితనం తక్కువేం కాదు, నూట యాభై ఏళ్ళయినా ఆ గుహ చెక్కు చెదరలేదు. తలుపు తీయడం, వేయడం వాళ్ళ చేతిలో లేదు. మన చేతిలోనూ లేదు.

మామగారు ఊరెళ్ళాక ఫోన్లో ఈ కథంతా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సీసా మీద తోట కొన్నాయన పేరుంది. తవ్వినవాళ్ళ గుర్తు గోడ మీదే ఉంది బాబూ. ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళి చూపించు" అన్నారు.

తీసుకెళ్తాను. మీరూ అటు వెళ్తే, గ్లాసు ముట్టినా ముట్టకపోయినా ఆ గోడని ఒకసారి చూసి రండి. మళ్ళీ వచ్చేవారం కలుద్దాం. సెలవు.