ఉద్దెర ఖాతా

ఎక్కడైనా ముందు ఊరు, తర్వాత అంగడి. మా గోదావరిఖనిలో ముందు బాయి పుట్టింది. ఊరూ అంగడీ దాని వెనకాల పరుగెత్తుకొచ్చాయి. బాయి అంటే నీళ్ల బావి కాదండోయ్, బొగ్గుగని!

1960 ప్రాంతంలో సింగరేణి వారు ఇక్కడ తవ్వకం మొదలుపెట్టాక పల్లెల జనం గనిలోకి దిగారు. పల్లెలో అయితే గాదెలో నాలుగు గింజలుంటాయి. ఇక్కడున్నదల్లా నెల జీతం. అది చేతికందేదాకా పొయ్యి వెలగాలిగా! చింతపండు మొదలు పిల్లవాడి పలక దాకా అన్నీ కిరాణా సేటు ఖాతాలో ఎక్కేవి. జీతాల నాడు కొట్టివేతలు, మర్నాటి నుంచి మళ్లీ రాతలు.

నా ఓటు ఎప్పుడూ ఆ కొట్టుకే. సరుకు గొప్పదనుకునేరు! కందిపప్పులో రాళ్లు ఏరలేక చచ్చేవాళ్లం. ధరా ఒక పిసరు ఎక్కువే. అయితే 2011 సకలజనుల సమ్మెలో గనులు నెలకు పైగా ఆగిపోయాయి. జీతం లేని ఆ రోజుల్లో, "పైసలు తర్వాత ఇద్దురు, తీస్కపోండక్కా" అంటూ బియ్యం తూచింది ఆ సేటే.

హోటళ్ల సంగతా? తొలి షిఫ్టు వాళ్లకోసం తెల్లవారకముందే కాచే చాయ్ ముందు లక్ష్మీనగర్ అద్దాల హోటళ్లు దిగదుడుపే.

1999లో ఎరువుల కర్మాగారం మూతపడింది. 2021లో కొత్త పేరుతో తెరిచారనుకోండి. సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు అందులో సగం కూడా లేరు. జీతం బ్యాంకులో పడుతోంది. సేటు కొడుకు 'ఉద్దెర అడగరాదు' అని బోర్డు కట్టాడు. గల్లాపెట్టె కింద మాత్రం ఎర్ర పుస్తకం ఇంకా ఉంది; అందులో సగం పేర్లు మా వీధివే.