క్లెర్మాంట్ కుర్రాడి దరువు

డర్బన్ అనగానే మనకు చెరకు తోటలు గుర్తొస్తాయి. 1860 నుంచి 1911 దాకా మద్రాసులో ఓడెక్కిన తెలుగు కూలీలు దిగింది ఆ రేవులోనే. ఆ నగరానికి ఎడంగా, వర్ణవివక్ష కాలంలో నల్లవాళ్లను ఉంచిన వాడలున్నాయి. అక్కడ వాటిని టౌన్‌షిప్పులంటారు. 2010 ప్రాంతంలో ఆ వాడల్లో ఒక కొత్త దరువు పుట్టింది. పేరు గోమ్. ఇంట్లో ఓ మూల పాత కంప్యూటర్ పెట్టుకున్న బడిపిల్లలూ, అప్పుడే బడి దాటిన కుర్రాళ్లూ దాన్ని కట్టారు. వాళ్లలో క్లెర్మాంట్ వాడకు చెందిన ల్వాజీ అసాండా గ్వాలా ఒకడు. ఇవాళ ప్రపంచం అతన్ని డీజే లాగ్ అంటుంది.

లాగ్ మొదట హిప్‌హాప్ బీట్లు చేసేవాడు. నేకెడ్ బాయిజ్ అనే డర్బన్ బృందం పాట చెవిన పడ్డాక అతని దారి మళ్లింది. ఆ పాటలో అంత కొత్తేముందో తెలియాలంటే దరువు లోపలికి వెళ్లి చూడాలి.

దక్షిణాఫ్రికా కుర్రకారు క్లబ్బుల్లో నాట్యానికి వాడే హౌస్ సంగీతం, దాన్ని నిదానం చేసి అక్కడే కట్టిన క్వైటో విని పెరిగారు. హౌస్ ప్రాణమంతా అడుగు డ్రమ్ములో ఉంటుంది. నాలుగు మాత్రలకు నాలుగు దెబ్బలు, తప్పకుండా పడతాయి. ఈ కుర్రాళ్లు వాడిన ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఒక వరసకు 16 గళ్లుంటాయి. 1, 5, 9, 13 గళ్లు నొక్కితే చాలు, హౌస్ నడక వచ్చేస్తుంది. డర్బన్ పిల్లలు అక్కడే చెయ్యి పెట్టారు. దెబ్బను సరిగ్గా పడాల్సిన గడిలోంచి లేపి పక్క గళ్లలోకి జరిపారు. బేస్ వరసను చాలాచోట్ల తీసేశారు. రాగాన్ని దాదాపు వదిలేశారు. ఇక మిగిలింది బరువైన డ్రమ్ము, వెనకాల చీకటిగా సాగే ఒక్క స్వరం, ముక్కలు చేసి తిప్పితిప్పి వినిపించే ఓ కేక, మధ్యమధ్య ఖాళీ. ఆ ఖాళీలోనే నాట్యం ఉంది. దెబ్బ పడుతుందనుకున్న చోట పడదు కాబట్టి ఒళ్లు దానికోసం ముందుకు వంగుతుంది. అది అందేసరికి కాలు ఆగదు. తీన్మార్ విని పెరిగినవాళ్లకు ఈ లాగుడు సులువుగానే పట్టుబడుతుంది. రెంటికీ చుట్టరికం లేదు, కానీ దెబ్బకూ దెబ్బకూ ఎడం సమానంగా లేనప్పుడే ఒంట్లో ఊపు పుడుతుందని రెంటినీ కట్టినవాళ్లకు తెలుసు.

దీన్ని పేదరికం పుట్టించిన సంగీతమని చెప్పడం నాకు నచ్చదు. మంచి మైకులు, వాద్యాలు, పాటగాళ్లు వాళ్లకు అందుబాటులో లేని మాట నిజమే. అయితే అవి లేని పిల్లలు ఎన్నో దేశాల్లో ఉన్నారు. లేనివాటికి నకిలీలు తగిలించుకోకుండా, వాటి అవసరమే లేని పాటను ఊహించడం డర్బన్ పిల్లల గొప్ప. ఆవిష్కరణ అంటే నా దృష్టిలో అదే.

మొదట్లో రేడియోలు ఈ పాటలను దగ్గరికి రానివ్వలేదు. వీటిని మోసినవి మినీబస్ టాక్సీలు. వాడల నుంచి నగరానికి పనికీ బడికీ జనాన్ని తిప్పేది అవే. పెద్ద స్పీకర్లు బిగించుకుని, కొత్త పాట ఎవరి బండిలో మోగితే కుర్రకారు ఆ బండెక్కే తీరులో డ్రైవర్లు పోటీపడేవారు. పాట కట్టినవాడు పెన్‌డ్రైవ్ తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టేవాడు. కాసీఎంపీ3 లాంటి సైట్ల ద్వారా, వాట్సాప్ ద్వారా మిగతా పాటలు పాకిపోయేవి. డబ్బు రాకపోయినా పాట ఊరంతా తిరిగేది. చిక్కల్లా ఫైలు అన్ని చేతులు మారేలోపు కట్టినవాడి పేరు ఎక్కడో జారిపోవడమే.

బయటి లోకం చాలా ఆలస్యంగా వచ్చింది. లండన్‌కు చెందిన గూన్ క్లబ్ ఆల్‌స్టార్స్ అనే రికార్డు సంస్థ 2015లో డర్బన్ బృందం రూడ్‌బాయిజ్ రికార్డు వేసింది, 2016లో డీజే లాగ్ రికార్డు. ఆ ఏడాదే గోమ్ ఓ అనే సంస్థ డర్బన్ కుర్రాళ్ల పాటలను ఒక సంకలనంగా తెచ్చింది. యూరప్ పత్రికలు దీన్ని కనుగొన్న సంగీతంలా రాశాయి. టాక్సీల్లో వేలమంది ఏళ్ల తరబడి వింటున్నదాన్ని ఎవరు కనుగొంటారు? దక్షిణాఫ్రికాలో 2016లోనే బేబ్స్ వోదుమో పాడిన 'వోలోలో' అనే గోమ్ పాట ఇంటింటా మోగింది. లాగ్ పాటల్లో చాలావాటికి సాహిత్యం లేదు. అందుకే అవి భాష అడ్డురాని యూరప్, ఆసియా క్లబ్బుల్లోకి తేలిగ్గా వెళ్లాయి, వాటితో పాటే అతనూ వెళ్లాడు.

2019లో బియాన్సే 'ది లయన్ కింగ్: ది గిఫ్ట్' ఆల్బమ్‌లోని 'మై పవర్' పాటకు దరువు కట్టినవాళ్లలో లాగ్ ఉన్నాడు. బుసీస్వా, మూన్‌చైల్డ్ సనెల్లీ వంటి దక్షిణాఫ్రికా గొంతులు కూడా ఆ పాటలో వినిపిస్తాయి. క్లెర్మాంట్‌లో మౌస్‌తో నేర్చిన విద్యకు అంతటి వేదిక దొరికింది.

అదే ఏడాది అమెరికాలో వచ్చిన 'కల్చర్' అనే మరో పాటలో లాగ్ కట్టిన 'ఐస్ డ్రాప్' దరువు అతని పేరు లేకుండా వినిపించింది. సంగతి 2021లో రచ్చకెక్కింది. ఆ పాటలో భాగస్వామి అయిన అమెరికన్ సంగీతకారుడు విల్.ఐ.యామ్ పొరపాటు తనదేనని బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఈ ఒక్కసారి దరువు వెంట పేరు కూడా నిలబడింది. ఆ రోజుల్లోనే లాగ్ సొంత రికార్డు సంస్థ పెట్టుకున్నాడు. దానికి ఐస్ డ్రాప్ అనే పేరే పెట్టాడు. దక్షిణాఫ్రికాలోనే పుట్టిన మరో నాట్య సంగీతం అమాపియానో ఛాయలు కలిసిన అతని తొలి పూర్తి ఆల్బమ్ 'మీటింగ్ విత్ ది కింగ్' 2022లో ఆ సంస్థ నుంచే వచ్చింది.